‘నాలుగైదు వందల మంది’, ‘గుప్పెడు ఉప్పు’, ‘రోంత ఇంగువ’ – వీటిని లెక్కలోకి తెచ్చేదెట్లా?

అడిగినవారు: తిరుపతి వంటశాల

తిరుపతిలో చిన్న ఫంక్షన్లకు భోజనాలు వండిచ్చే వంటశాల మాది. మాస్టరు చిత్తూరు పక్క పల్లెటూరాయన. సాయానికి ఇద్దరున్నారు, ఒకరిది నెల్లూరు, ఇంకొకరిది రాజమండ్రి దగ్గర. ముగ్గురికీ పని బాగా తెలుసు. కొలత మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకరు చెప్పింది ఇంకొకరికి వేరుగా అర్థమవుతోంది.

మాస్టరు నోటుపుస్తకంలో పులిహోరకు రాసింది ఉన్నదున్నట్టు ఇస్తున్నా: “బియ్యం పడి. చింతపండు నిమ్మకాయంత నాలుగు. కల్లుప్పు గుప్పెడు. మెంతులు చిటికెడు. ఇంగువ రోంత. కరివేపాకు నాలుగు రెమ్మలు. చెనిక్కాయ (వేరుశనగ) గింజలు రెండు చారెళ్ళు. నూనె తగినంత. పులుసు దగ్గరపడినాక రోంత సేపుంచి దించేది.”

గుప్పెడంటే ఒకరు పిడికిలి బిగించి తీస్తారు, ఒకరు అరచేయి చాపి నిండుగా తీస్తారు. ‘రోంత’ (కొంచెం) అన్న మాట రాజమండ్రి అబ్బాయికి కొత్త. కల్లుప్పు అయిపోయిన రోజు మెత్తటి ఉప్పు అదే గుప్పెడు వేస్తే పులిహోర ఉప్పుకషాయం అవుతోంది.

రెండో తగాదా ఆర్డర్ల దగ్గర. ఫోనులో “ఓ నాలుగైదు వందల మంది వస్తారు, దాదాపు ఐదొందలనుకోండి” అంటారు. వండాల్సింది 400 మందికా, 450కా, 500కా? మిగిలినా తగ్గినా బిల్లు దగ్గర మళ్ళీ ఆ మాటకే అర్థం వెతుక్కోవాల్సి వస్తోంది.

అడిగేది రెండే. చేతి కొలతలన్నీ గ్రాముల్లోకి మార్చేయడం మంచిదా, మారిస్తే మాస్టరు రుచి పోకుండా ఎట్లా మార్చాలి? రెండోది, ‘నాలుగైదు’, ‘దాదాపు’, ‘ఓ పది’ ఇట్లాంటి మాటలకు తెలుగులో ఖాయమైన హద్దు ఏదైనా ఉందా?

జవాబు 1: తక్కెడ

అన్నా, వంటింటి సంగతి వరకు నేను చెప్తా, భాష సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు.

మార్చడం మంచిదే. అయితే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మాస్టరును పిలిచి “గుప్పెడు ఎంతో ఈ గిన్నెలో వేసి చూపించు” అంటారు. చూపించమంటే చెయ్యి చూపించే చెయ్యి అయిపోతుంది, వండే చెయ్యి కాదు. ఆ అంకెతో కార్డు రాస్తే రుచి రాదు. దానికి బదులు ఉప్పు డబ్బానే కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. మాస్టరు ఎప్పటిలా మాట్లాడుతూ, ఎప్పటి తొందరలోనే చెయ్యి పెట్టి తీసుకుంటాడు. కాటా మీద మైనస్ గుర్తుతో ఎంత తగ్గిందో కనిపిస్తుంది. అది రాసుకోండి. పక్కనే ఆ రోజు బియ్యం ఎన్ని కిలోలో కూడా రాయండి. ఏడెనిమిది వంటలకు ఇట్లా రాశాక ప్రతి రోజు అంకెను బియ్యం కిలోలతో భాగించి, వచ్చినవన్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పెట్టి, నడిమి అంకె తీసుకోండి. మొత్తం కూడి సగటు తీస్తే, చెయ్యి జారిన ఒక్క రోజు అన్ని రోజుల లెక్కనూ లాగేస్తుంది.

ఇందులో ఎక్కువగా తప్పిపోయేది రెండో ఉప్పు. మొదట గుప్పెడు వేస్తారు, కలిపాక నోట్లో వేసుకుని “ఉప్పు రోంత తక్కువుంది” అని ఇంకొంచెం చల్లుతారు. ఆ చల్లింది కాటాకు ఎక్కదు. కార్డు చూసి వండిన ప్రతిసారీ ఉప్పు తక్కువవుతుంటే కారణం నూటికి తొంభై పాళ్ళు ఇదే. దించేదాకా డబ్బా కాటా మీదే ఉండాలి.

చేతి కొలతల సంగతి. పిడికెడు అంటే వేళ్ళు ముడిచిన పిడికిట్లో పట్టినంత. చారెడు అంటే ఒక్క అరచేయి దొప్పలా వంచితే నిలిచినంత. దోసెడు రెండు చేతులూ కలిపిన దోసిలి. ఈ మూడింటిలో పేచీ లేదు. పేచీ అంతా గుప్పెడుతోనే. కొందరికి అది పిడికెడు, కొందరికి చారెడు. బియ్యంతో చూసుకుంటే మామూలు మగచేతికి పిడికెడు 35–40 గ్రాముల దగ్గర, చారెడు 50 దాటి ఉంటుంది. దోసెడు చారెడుకు రెండింతలు కాదు, మూడింతలకు దగ్గర. రెండు చేతులు కలిస్తే లోతు పెరుగుతుంది కదా. ఇవి ఒక అందాజుకు మాత్రమే, మీ వంటింట్లో ఉన్న చేతులనే తూచండి. నోటుపుస్తకంలో ‘గుప్పెడు’ కొట్టేసి పిడికెడో చారెడో తేల్చి రాయడం మొదటి పని.

చిటికెడుకూ రెండు రకాలున్నాయి. బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టేది ఒకటి, మధ్యవేలు కూడా కలిపి పట్టేది ఇంకొకటి. రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు. వంటింటి కాటా ఒక గ్రాము కన్నా తక్కువ చూపించదు కాబట్టి ఒక్క చిటికెడును తూచలేరు. పది చిటికెలు ఒకే కాగితం మీద వేసి తూచి పదితో భాగించండి. మెత్తటి ఉప్పు రెండువేళ్ళ చిటికెడు గ్రాములో మూడో వంతు దగ్గర ఉంటుంది.

కల్లుప్పు సంగతి మీరే పట్టుకున్నారు. గుప్పెడనేది చోటును కొలుస్తుంది, నాలుకకు కావలసింది బరువు. గళ్ళ మధ్య గాలి ఉంటుంది కాబట్టి కల్లుప్పు అదే చోటులో తక్కువ తూగుతుంది. మెత్తటి ఉప్పు తలగీసిన చిన్న చెంచా (5 మిల్లీలీటర్లది) 6 గ్రాములు తూగుతుంది. వానాకాలం చెమ్మ పట్టిన కల్లుప్పులో నీళ్ళ బరువు కూడా కలుస్తుంది, అప్పుడు గ్రాముల లెక్క కూడా కొద్దిగా తక్కువ ఉప్పునే ఇస్తుంది. డబ్బా మూత బిగువుగా ఉండాలి.

గంటె, గ్లాసు, చెంబు లాంటివి తూచడం ఇంకా తేలిక. గంటె నిండా నీళ్ళు తీసి కాటా మీది గిన్నెలో పొయ్యండి. ఎన్ని గ్రాములు చూపిస్తే గంటె అన్ని మిల్లీలీటర్లు. ఆ అంకెను గంటె కాడ మీద మేకుతో గీకి పెట్టుకోండి. “గ్లాసు” అని రాసిన చోటల్లా జాగ్రత్త. టీ గ్లాసు వంద మిల్లీలీటర్లకు అటూ ఇటూ, నీళ్ళు తాగే స్టీలు గ్లాసు 200 నుంచి 250, కరెంటు కుక్కరుతో వచ్చే కప్పు 180. మూడింటినీ మనం గ్లాసనే అంటాం. చెంచా అయితే తలగీసిందా, గోపురంగా పోసిందా రాయాల్సిందే. గోపురంగా తీస్తే తలగీసినదానికి రెట్టింపు దాకా పోతుంది, కారప్పొడి, పసుపు లాంటి పొడుల్లో మరీ.

ఇక ‘తగినంత’, ‘సరిపడా’. వీటిని తూచి ప్రయోజనం లేదు. అవి కొలత మాటలు కావు, “నువ్వు చూసుకో” అని వంటవాడికి అప్పగించే మాటలు. అక్కడ అంకె బదులు గుర్తు రాయండి. “పోపు గింజలు మునిగేంత”, “పులుసు మీద నూనె తేలి అంచులు విడిచేదాకా”. ‘రోంత సేపు’ కూడా అంతే. నిమిషాలు రాస్తే గిన్నె మారినప్పుడు, మంట మారినప్పుడు తప్పుతాయి. పులుసు గంటెతో తీసి పోస్తే ధారగా కాకుండా ముద్దలుగా పడాలి అని రాస్తే ఏ ఊరివాళ్ళకైనా ఒకటే అర్థం.

జవాబు 2: పలుకుబడి

లెక్కమాటల గురించి.

తెలుగులో అంచనాకు పక్కపక్క అంకెలు జంటగా వేస్తాం. ఒకటి రెండు, రెండు మూడు, నాలుగైదు, ఐదారు, ఆరేడు, ఏడెనిమిది. మనుషులైతే ఒకరిద్దరు, ఇద్దరు ముగ్గురు. రెండో అంకె అచ్చుతో మొదలైతే సంధి కలిసి ఒకే మాటైపోతుంది. అందుకే ‘నాలుగైదు’ వినడానికి ఒక అంకెలా వినిపిస్తుంది, ‘రెండు మూడు’ రెండు అంకెల్లాగే ఉంటుంది. పది దాటితే పక్కపక్క అంకెలు అరుదు. పది పన్నెండు, పది పదిహేను, పదిహేను ఇరవై, ఇరవై ముప్పై అని గెంతుతాం. గెంతు ఎంత పెద్దదైతే చెప్పేవాడికి అంత తక్కువ తెలుసునని అర్థం. “పది పన్నెండు మంది” అన్నవాడు మనసులో పేర్లు లెక్కపెట్టుకున్నాడు. “పది ఇరవై మంది” అన్నవాడు లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మీ తగాదా. నాలుగైదు అంటే నాలుగా, ఐదా అన్నది ఆ మాట ఏ పనికి వాడారన్నదాన్ని బట్టి మారుతుంది. ఎవరైనా ఇస్తానంటున్నప్పుడు, వస్తారంటున్నప్పుడు మాట నిలిచేది కింది అంకె మీద. “నాలుగైదు వేలు సర్దుతా” అన్నవాడు నాలుగు వేలు ఇస్తే మాట తప్పినట్టు కాదు. గడువు చెప్పినప్పుడు దానికి తిరగబడుతుంది. “నాలుగైదు రోజుల్లో ఇస్తా” అన్నవాణ్ణి నాలుగో రోజు నిలదీస్తే ఎవరూ ఒప్పుకోరు, ఐదో రోజు దాటాలి. మీ ఆర్డరులో “నాలుగైదు వందల మంది వస్తారు” అన్నది వచ్చేవాళ్ళ సంగతి. ఆ మాటతో వాళ్ళు పూచీ పడింది 400కే. 500 అన్నది మిమ్మల్ని సిద్ధంగా ఉండమన్న హెచ్చరిక. ఆ వంద మంది తిండికి డబ్బులు ఎవరివి అన్నది ఆ మాటలో లేదు, అందుకే బిల్లు దగ్గర తగాదా పుడుతోంది.

ఇంకొకటి చూడండి. ‘నాలుగైదు’లో తేడా ఒకటే. ‘నాలుగైదు వందలు’లో తేడా వంద. మాట అదే కాబట్టి తేడా కూడా చిన్నదనే అనిపిస్తుంది. ఆకుకు 100 నుంచి 120 గ్రాముల బియ్యం లెక్కన చూస్తే వంద ఆకులకు పది పన్నెండు కిలోలు, సాంబారు తలకు 150 మిల్లీలీటర్లు వేసుకున్నా 15 లీటర్లు. అంత సరుకు ఒక్క సంధి మాటలో ఉంది.

‘ఓ’ చేరితే అంకె మెత్తబడుతుంది. “పది ఆకులు తెండి” అంటే పది. “ఓ పది ఆకులు తెండి” అంటే ఎనిమిది తెచ్చినా పన్నెండు తెచ్చినా సరే. ఫోనులో ఈ ‘ఓ’ను పట్టుకోండి. ‘ఓ’ వినపడితే లెక్క ఇంకా కాలేదని అర్థం.

అంకెలు అంకెలుగా పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. నలుగురు ఏమంటారు, నాలుగు మెతుకులు తిను, నాలుగు చినుకులు పడ్డాయి, పది మందిలో చెప్పు. వీటిలో లెక్క లేదు. నోటుపుస్తకంలో “నాలుగు రెమ్మలు” అన్నది మాత్రం లెక్కే. గుర్తుపట్టడానికి తేలిక దారి ఏమిటంటే, అంకె తరవాత వచ్చే వస్తువును ఎవరైనా నిజంగా లెక్కపెట్టి తీస్తారా అని చూడండి. రెమ్మ, కాయ, ముక్క, గంటె లెక్కపెడతారు. మెతుకులు, చినుకులు, విడి ఆకులు లెక్కపెట్టరు. “నాలుగు కరివేపాకులు వెయ్యి” అని ఉంటే మీ రాజమండ్రి అబ్బాయి గుప్పిట్లో పట్టినంత వేసినా తప్పు లేదు.

కొంచెం, కాస్త, కొద్దిగా, రవంత, కాసింత, కూసింత, మన పక్క రోంత. వీటిలో ఏది పెద్దది ఏది చిన్నది అని వరస పెట్టమంటే ఏ ఇద్దరూ ఒకే వరస పెట్టరు. పిసరు మాత్రం అన్నిటికన్నా చిన్నదని అందరూ ఒప్పుకుంటారు. పైగా ‘కొంచెం’ సగం సార్లు కొలతే కాదు, మర్యాద. “కొంచెం జరగండి” అంటే ఎంత జరగాలని కాదు. వడ్డనలో ఇదే చిక్కు తెస్తుంది. “కొంచెం సాంబారు వెయ్యండి” అంటే వడ్డించేవాడు మర్యాద మాటగా తీసుకుని గంటె నిండా పోస్తాడు, అడిగినాయన నిజంగానే కొంచెం అడిగి ఉంటాడు. అందుకే ఆకు దగ్గర నమ్మదగిన కొలత ‘కొంచెం’ కాదు, ‘చాలు’. ధార పడుతుండగా ఆకు మీదికి అడ్డంగా వచ్చే చెయ్యి. వడ్డించేవాళ్ళకు గంటె సగమే వంచి ఒక్క క్షణం ఆగడం నేర్పిస్తే పారేసే సాంబారు బాగా తగ్గుతుంది.

హద్దుల మాటలు చూస్తే, సుమారు, ఇంచుమించు, రమారమి అటూ ఇటూ రెండు వైపులా పోతాయి. పైచిలుకు ఎప్పుడూ పైకే, అదీ స్వల్పంగా. “నాలుగొందల చిల్లర” అంటే 401 నుంచి 499 దాకా ఏదైనా కావచ్చు. ‘దాదాపు’ కిందివైపుది. దాదాపు ఐదొందలంటే ఐదొందలు నిండలేదని.

జవాబు 3: మూరకొలత

పై వివరణ శానా బాగుంది స్వామీ, ‘దాదాపు’ దగ్గర మాత్రం ఒప్పుకోలేను. అంగట్లో దాదాపు రెండు వైపులా నడుస్తుంది. బస్తా తూకానికి ముందే “దాదాపు యాభై కిలోలుంటుంది” అని చేత్తో లేపి చెప్పే హమాలీ 48కీ అదే మాట అంటాడు, 52కీ అదే అంటాడు. ‘నిండలేదు’ అని చెప్పాలంటే మన పక్క ‘రోంత తక్కువ’ అంటారు, లేకుంటే ‘కమ్మి’ అంటారు. దాదాపును హద్దుగా పట్టుకుని వండితే నష్టపోతారు. అడిగి తేల్చుకోవడమే దారి.

మీరు మండపానికి పూలు కూడా మాట్లాడుతుంటే పనికొస్తుందని మూర గురించి చెప్తా. మూరంటే మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా, రమారమి 45 సెంటీమీటర్లు. సరం కొస వేలి చివర పట్టుకుని మోచేతిదాకా లాగితే నిండు మూర. వేళ్ళు ముడిచి కణుపుల దగ్గరి నుంచి కొలిస్తే నాలుగు వేళ్ళ వెడల్పు, బెత్తెడు, పోతుంది. ఏడు ఏడున్నర సెంటీమీటర్లు. ఒక మూరలో అది కంటికి ఆనదు. పది మూరలు కొలిచేసరికి మూరన్నర పైన తక్కువ పడుతుంది. చెయ్యి పొట్టిదైతే అది వేరే. దీనికి పూలమ్మే అక్కతో గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. ఆర్డరు మీటర్లలో ఇవ్వండి, బల్ల అంచున 45 సెంటీమీటర్లకు ఒక గీత, 90కి ఒక గీత పెట్టుకోండి. మీటర్లు సరిపోయినా ఇంకో మెలిక ఉంది. పూలు దూరదూరంగా కడితే అదే మీటరులో సగం దారమే ఉంటుంది. అందుకని మూరకు ఎన్ని పూలో, లేదా మీటరు సరం ఎన్ని గ్రాములో ముందే చెప్పుకోవాలి. కట్టక ముందు విడిపూలు కిలోల్లో తూచి ఇచ్చి, కట్టుకూలి వేరుగా మాట్లాడితే ఇంకా మేలు.

కొసరు సంగతి. కొసరంటే తూకం అయ్యాక పైన వేసేది. అది లెక్కలోది కాదు, మనసులోది. కొసరును లెక్కలో కలుపుకుని “పది మూరలంటే పదకొండు వస్తాయి” అనుకుంటే అమ్మేవాళ్ళు మూరనే చిన్నది చేస్తారు.

కొత్తిమీర, కరివేపాకు, పుదీనా ‘కట్ట’ల్లో కొనొద్దు. ఎండాకాలం కట్టకూ వానాకాలం కట్టకూ సగానికి సగం తేడా ఉంటుంది, ధర మాత్రం కట్టకే చెప్తారు. వంటశాలకు కిలోల లెక్కే. చట్టం కూడా అదే చెప్తోంది. 1956లో తూనికల కొలతల చట్టం వచ్చి, 1958 నుంచి దశలవారీగా మీటరు, కిలో, లీటరు లెక్క వచ్చింది. ఇప్పుడు నడిచేది 2009 చట్టం. మీ బిల్లు పుస్తకంలో మూర, కట్ట, పడి రాయొద్దు, మీటర్లు, కిలోలు, ఆకుల సంఖ్య రాయండి.

మాటకు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. నెల్లూరు అబ్బాయితో అంకణాల మాట వస్తే జాగ్రత్త. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. షెడ్డు అద్దె అంకణాల్లో మాట్లాడుకుంటే సగానికి సగం తేడా వస్తుంది.

అడిగినవారు: తిరుపతి వంటశాల

అందరికీ శతకోటి నమస్కారాలు. ‘చూపించే చెయ్యి, వండే చెయ్యి’ అన్న మాట మాస్టరుకు వెంటనే ఎక్కింది, డబ్బా కాటా మీద పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఇంకా మూడు సందేహాలు. నిమ్మకాయంత చింతపండును ఎట్లా తూచాలి, కొత్త చింతపండు పాత చింతపండు తేడా ఉంది కదా? పడి అంటే ఎన్ని లీటర్లు? పడి బియ్యానికి రాసినదాన్ని నలభై కిలోలకు పెంచేటప్పుడు అన్నీ అదే పాళ్ళలో పెంచుకుంటూ పోవచ్చా?

జవాబు 4: తక్కెడ

పడితో మొదలుపెడతా. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకు ముందు చాలా భాగం తమిళ పక్క ఉత్తర ఆర్కాటు జిల్లాలోది, అందుకే మన పక్క కోస్తా వాళ్ళ మానిక, కుంచం కన్నా పడి ఎక్కువ నడిచింది. అయితే పెద్దపడి, చిన్నపడి అని రెండున్నాయి, ఇంట్లో పాత్ర ఏదైతే అదే పడి. మద్రాసు పడి లీటరున్నర పైమాటే. పుస్తకాల్లో చూడొద్దు, మాస్టరు వాడే పాత్రలోనే నీళ్ళు నింపి తూచండి. తరవాత మీరు వాడే బియ్యం అంచుకు సమంగా గీసి తూచండి, గోపురంగా పోసి ఇంకోసారి తూచండి. లీటరు బియ్యం 800 గ్రాములకు కొంచెం పైన తూగుతుంది కాబట్టి లీటరున్నర పడైతే పన్నెండొందల గ్రాముల పైన రావాలి. గోపురంగా పోసేవాళ్ళకు అది ఇంకా పెరుగుతుంది. మాస్టరు ఏ రకంగా పోస్తాడో ఆ అంకెనే కార్డుకు పునాది చేసుకోండి. ‘బస్తా’ అని రాసినా ఇదే గతి. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగు బియ్యానికి పన్ను పడ్డాక 26 కిలోల సంచులు వచ్చాయి. పాత అలవాటు కొద్దీ బస్తాకు 25 అని లెక్క వేస్తే పదహారు సంచులకు 16 కిలోల తేడా.

చింతపండు. నిమ్మకాయంత అంటే గింజా ఈనే తీసి, వేళ్ళతో నొక్కి ఉండ చేస్తే నిమ్మకాయ పరిమాణం. అది 25–30 గ్రాములు. నొక్కకుండా వదులుగా పట్టుకుంటే అందులో సగమే ఉంటుంది. ఉసిరికాయంత అంటే దానిలో సగం. కొత్త చింతపండు ఎర్రగా, తీపి కలిసి ఉంటుంది. ఏడాది నిలవైంది నల్లబడి పులుపు ఎక్కువ చూపిస్తుంది. అందుకని గ్రాములతో ఆగకండి. సరుకు మారినప్పుడల్లా 100 గ్రాములు అర లీటరు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, పిసికి, వడగట్టి, మాస్టరు చేత రుచి చూపించండి. ఆయన “చాలు” అన్న గ్రాముల అంకె ఆ సంచి మీదే రాయండి. ఆ సంచి అయిపోయేదాకా అదే లెక్క.

పెంచడం. ఉప్పు, చింతపండు, చెనిక్కాయ గింజలు బియ్యంతో సమానంగా పెంచొచ్చు. ఇంగువ, మెంతులు, ఎండుమిర్చి అట్లా కాదు. పది రెట్ల వంటకు ముందు ఏడెనిమిది రెట్లే వేసి చూడండి. పెద్ద బాణలిలో పోపు ఎక్కువసేపు వేడిలో ఉంటుంది కాబట్టి మెంతుల చేదు, మిరప ఘాటు ఎక్కువ దిగుతాయి. అన్నానికి నీళ్ళు కూడా పాళ్ళ ప్రకారం పెంచితే అన్నం జావవుతుంది, ఎందుకంటే పెద్ద గుండిగలో ఆవిరైపోయే నీళ్ళు పాలుకు తక్కువ. మొదటిసారి నీళ్ళు పదో వంతు తగ్గించి, పక్క పొయ్యి మీద మరిగే నీళ్ళు సిద్ధంగా పెట్టుకోండి.

తిరుపతిలో ఉంటూ దిట్టం మాట ఎత్తకపోతే ఎట్లా. తిరుమల ప్రసాదాల సరుకుకు దేవస్థానం రాసిపెట్టుకున్న పట్టికే దిట్టం. 2001లో సవరించిన పడితరం దిట్టంలో 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4, మొత్తం 803 కిలోలు. అక్కడ పడి అంటే కొలపాత్ర కాదు, 51 లడ్డూల లెక్క. వంద పడులంటే 5,100. యాలకులు కూడా ‘తగినంత’ అని వదల్లేదు చూడండి, లడ్డూకు గ్రాములో ముప్పాతిక పైన. మీ వంటశాలకూ అట్లాంటి కాగితమే కావాలి.

పులిహోరకు 10 కిలోల బియ్యం మీద మొదటి కాగితం ఇట్లా మొదలుపెట్టండి, మీ కాటా అంకెలు వచ్చాక దిద్దుకోండి. గింజ తీసిన చింతపండు ఒక కిలో. మెత్తటి ఉప్పు 300 గ్రాములు, అందులో 250 పులుసులోనూ అన్నంలోనూ, 50 చేతిలో ఉంచుకుని రుచి చూశాక. నూనె లీటరుం పావు. చెనిక్కాయ గింజలు అర కిలో, శనగపప్పు 200 గ్రాములు, మినప్పప్పు 100, ఆవాలు 50, ఎండుమిర్చి 100, మెంతులు 20, పసుపు 30, ఇంగువ 10. కరివేపాకు 100 గ్రాములు, ఆకు మాత్రమే, ఈనెలు కాదు. దించే గుర్తు: పులుసు గంటె నుంచి ముద్దగా పడాలి, నూనె అంచున తేలాలి.

ఆర్డరు కాగితం మీద ‘నాలుగైదు వందలు’ రాయనే రాయొద్దు. “400 ఆకులకు అడ్వాన్సు. 450 దాకా పెంచాలంటే ముందురోజు సాయంత్రం 4 గంటల లోపు చెప్పాలి. ఆ పైన లేచిన ప్రతి ఆకూ విడిగా లెక్క” అని రాసి ఇద్దరూ సంతకం చెయ్యండి. ఆకుల కట్టలు లెక్కపెట్టి వాళ్ళ మనిషి ముందే విప్పండి, మిగిలిన ఆకులు కూడా ఆయన చేతే లెక్కపెట్టించి కాగితం వెనక రాయించండి.